రేడియో వేసిన శిక్ష

తనని పట్టుకునే మొనగాడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదని, అందరూ రేడియో అని పిలిచే కుర్రాడు హాస్టల్ మెట్ల మీద నిలబడి చెప్పాడు. పుట్టబోయేవాడి తల్లికి ఇంకా పెళ్లి కూడా కాలేదని కలిపాడు. ఆ మాట పూర్తవకముందే వెనకనుంచి వార్డెన్ బ్రదర్ వచ్చి వాడి చెవి పట్టుకున్నాడు. ముందురోజు అచ్చం వార్డెన్ గొంతుతో "పడుకోండి, లైట్లు ఆపండి" అని అరిచి, ఎనిమిదో తరగతి మొత్తాన్ని సూర్యుడు ఉండగానే మంచాలెక్కించింది ఎవరో ఆయనకి తెలిసిపోయింది.

"ఆయన పట్టుకుంది చెవిని. నన్ను కాదు," అని ఆ తర్వాత రేడియో వాడి దోస్తు గోళీకి వివరించాడు. గోళీ ఒప్పుకున్నాడు. గోళీ ఏదైనా ఒప్పుకుంటాడు. గుండ్రంగా ఉంటాడు, ఎటు తోస్తే అటు దొర్లుతాడు.

రేడియోకి రాని గొంతు లేదు. వంటమ్మ గొంతు వస్తుంది, లెక్కల సారు దగ్గు వస్తుంది. వీడు కుక్కలా మొరిగితే వీధి కుక్కలు వచ్చి వరసలో నిలబడి ఇంకేమైనా పనుందా అని చూసేవి. ఈ విద్య వల్లే అంతకుముందు రెండు స్కూళ్లు వాడికి టీసీ చేతిలో పెట్టి, గేటు దాకా వచ్చి మరీ సాగనంపాయి. మూడో స్కూలు ఇది. ఇక్కడ సీటు ఊరికే రాలేదు. వాళ్ల మేనత్త కాన్వెంటులో సిస్టర్. తెల్లబట్టల్లో వచ్చి పెద్ద ఫాదర్ ముందు కూర్చుని, "మా అన్నయ్య కుట్టుమిషను తొక్కి తొక్కి వీణ్ణి చదివిస్తున్నాడు ఫాదర్. వీడికి చదువు వస్తే సంతోషం. రాకపోతే పోనీ, వీణ్ణి మనిషిని చెయ్యండి," అంది. ఇది కూడా పోతే నాలుగోదానికి తను రానని మేనల్లుడికి బయటికొచ్చాక చెప్పింది.

ఆ స్కూలు పనే అది, మగపిల్లల్ని మనుషుల్ని చెయ్యడం. పొద్దున్నే మొదటి పీరియడ్ పెద్ద ఫాదరే తీసుకుంటాడు. పుస్తకం ఉండదు. "మీ మార్కులు మీ దగ్గరే ఉంటాయి, మీ బుద్ధులు మాత్రం వెళ్లి పక్కవాడికి తగులుతాయి," అని ఒక మాట అని, దాని మీద బెల్లు కొట్టేదాకా మాట్లాడించేవాడు. రేడియో ఆ పీరియడ్‌లో చాలా శ్రద్ధగా ఉండేవాడు. ఫాదర్ గొంతు నేర్చుకుంటున్నాడు. లోతైన గొంతు, బావిలో బకెట్ దిగినట్టు నెమ్మదిగా ఉంటుంది. ప్రతి మాటకీ ముందు చిన్న "ఊఁ" ఉంటుంది. ఆ "ఊఁ" పట్టడానికి వాడికి ఒక టర్మ్ పట్టింది. పట్టాక నోరు ఊరుకోలేదు.

శుక్రవారం ఆఖరి పీరియడ్ ఎనిమిదో తరగతికి పాపసంకీర్తనం, అంటే చేసిన తప్పులు ఫాదర్ చెవిలో చెప్పుకుని ఆయన వేసే శిక్ష ఒప్పుకోవడం. చాపెల్ లోపల ఎడమ గోడకి ఆనించి కన్ఫెషన్ పెట్టె ఉంటుంది. పెద్ద బీరువా లాంటిది, మధ్య తలుపు ఫాదర్‌ది. ఫాదర్ కుర్చీ వెనక గోడలో పక్క గదికి దారి ఉంది, దానికో తెర. పక్క అరలో పిల్లలు మోకరిస్తారు. మధ్యలో సన్నటి జాలీ, జాలీకి ఊదా గుడ్డ. ఫాదర్ కుర్చీలో కూర్చోగానే పైన ఎర్ర బల్బు వెలుగుతుంది, వరసలో మొదటివాడు లోపలికి వెళ్తాడు. పెద్ద ఫాదర్ ఎప్పుడూ కాస్త ఆలస్యంగా వస్తాడు. మంచంలో ఉన్న ముసలి ఫాదర్ ఒకాయనకి టీ తాగించి రావాలి.

ఆ కాస్తలో రేడియో వెనక తెరలోంచి పెట్టెలో దూరాడు.

పథకం చిన్నది. వరసలో మొదట గోళీ ఉన్నాడు, వాడికి సంగతి తెలియదు. భోజనాల దగ్గర బల్లకి ముగ్గురు, రేడియోకి అటు గోళీ, ఇటు స్కేలు అనే వాడు కూర్చుంటారు. శుక్రవారం రాత్రి అందరికీ స్వీటు పెడతారు. గోళీ పాపాలు విని, ఫాదర్ గొంతుతో "ఊఁ... నీ పళ్లెంలో స్వీటు పక్కవాడికి పెట్టెయ్యి నాయనా, నేను చెప్పేదాకా," అని శిక్ష వేస్తే, ఇక గోళీ స్వీట్లన్నీ రేడియోవే. దీన్ని పాపం అనరని, సప్లై అంటారని రేడియో మనసులో వాదించుకున్నాడు.

పక్క అరలో మోకాళ్లు చెక్క మీద ఆనిన చప్పుడైంది.

"ఫాదర్, నన్ను ఆశీర్వదించండి. నేను పాపం చేశాను."

అది గోళీ కాదు. స్కేలు. ఎవరినీ ఏదీ అడగని స్కేలు, ఆ రోజు గోళీ దగ్గరికి వెళ్లి "నేను ముందు వెళ్లనా?" అని అడిగాడట. గోళీ దొర్లి పక్కకి జరిగాడు.

స్కేలంటే స్కేలే. నిటారుగా ఉంటాడు, గీసిన గీతలో నడుస్తాడు. స్కూలు గ్రూపు ఫోటో రోజు ఫోటోగ్రాఫరు "కదలొద్దు బాబూ" అని ఫోటో తీసి, సామాను సర్దుకుని, బస్సెక్కి వెళ్లిపోయాడు. కదలొచ్చని చెప్పడం మర్చిపోయాడు. చివరికి వంటమ్మ వెళ్లి స్కేలుని భుజం పట్టి లోపలికి తెచ్చుకుంది.

రేడియో లేచి పారిపోదామనుకున్నాడు. తలుపు తీస్తే క్లాసు మొత్తం ఎదురుగా ఉంది, వెనక తెర వైపు లేచినా బల్బు ఆరిపోయి అందరికీ తెలిసిపోతుంది. ఈలోపు స్కేలు చెప్పడం మొదలుపెట్టాడు.

వాడేం చెప్పాడో ఇక్కడ రాయడం లేదు. ఇంటి సంగతి. పెద్దవాళ్లకి చిన్నదే కావచ్చు, పదమూడేళ్లవాడు ఒక్కడే మోయడానికి మాత్రం చాలా బరువైనది. మధ్యలో వాడి గొంతు ఆగిపోయింది. గుడ్డకి అటువైపు ముక్కు తుడుచుకున్న చప్పుడు వినిపించింది. వస్తుందనుకున్న నవ్వు రేడియోకి రాలేదు. చెవులు మూసుకోవాలని చాలా ఆలస్యంగా తోచింది.

స్కేలు చెప్పడం అయిపోయింది. ఎదురుచూస్తున్నాడు.

రేడియో బుర్రలో ఒక్క ముక్క లేదు. తయారుగా ఉన్నది ఒకటే, అది కూడా సగం చెడిపోయి బయటికొచ్చింది.

"ఊఁ... నీ పళ్లెంలోది పక్కవాడికి పెట్టెయ్యి నాయనా. నేను చెప్పేదాకా."

స్వీటు అన్న మాట నోట్లోనే ఉండిపోయింది.

"అలాగే ఫాదర్," అన్నాడు స్కేలు. గొంతులో ఎంత తేలిక అంటే, బస్తా దించినవాడిలా ఉన్నాడు.

వాడు వెళ్లగానే రేడియో బల్బు ఆరిపోయేలా కుర్చీ మీంచి జారి, వెనక తెరలోంచి పాకి, పక్క గది చుట్టూ తిరిగి వరస చివర తేలాడు. పెద్ద ఫాదర్ అప్పుడే లోపలికి వస్తున్నాడు. ఆయన మధ్యలో లేచి వెళ్లి ముసలి ఫాదర్ని చూసి వస్తున్నాడనుకున్నారు, ఎవరికీ అనుమానం రాలేదు. రేడియోకి మొదటిసారి అదేమీ గొప్పగా అనిపించలేదు.

ఆ రాత్రి బల్ల దగ్గర స్కేలు తన పళ్లెం ఎత్తి, అన్నం, కూర, గుడ్డు, స్వీటు మొత్తం రేడియో పళ్లెంలో బోర్లించాడు. ఖాళీ పళ్లెం ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఏంట్రా ఇది?" అన్నాడు రేడియో.

"నీకే."

"నాకొద్దు. నువ్వు తిను."

"తినకూడదు."

"ఎవడన్నాడు?"

స్కేలు పళ్లెం వైపు చూశాడు. కన్ఫెషన్‌లో మాట బయట చెప్పరు.

"మొత్తం ఇవ్వమని ఉండరు రా. స్వీటొక్కటే అయ్యుంటుంది," అన్నాడు రేడియో, గొంతు తడబడకుండా జాగ్రత్తపడుతూ.

స్కేలు వాడి వైపు వింతగా చూశాడు. "దేని గురించి మాట్లాడుతున్నావు?"

రేడియో వంగి ముద్ద కలిపాడు. ఆ స్కూల్లో పళ్లెంలో మెతుకు వదలకూడదు, ఎవరి పళ్లెంలో ఉన్నది వాళ్లే ముగించాలి. ఇద్దరి భోజనం రేడియో ఒక్కడే తిన్నాడు. గోళీ అసూయగా చూశాడు. ఒక్కో ముద్దా ఇసక మింగినట్టు దిగింది.

శనివారం పొద్దున రొట్టె, గుడ్డు, అరటిపండు, అన్నీ ఇటు వచ్చాయి. మధ్యాహ్నం మళ్లీ. స్కేలు నీళ్లు మాత్రం తాగుతున్నాడు, నీళ్లు పళ్లెంలో పొయ్యరు కాబట్టి. రేడియో రుమాలులో రొట్టె దాచి నూతి దగ్గర ఇవ్వబోతే స్కేలు రెండడుగులు వెనక్కి వేశాడు.

"నాకు ఆకలిగా లేదు," అన్నాడు. వాడి పెదాలు తెల్లగా ఉన్నాయి. బహుశా వాడి జీవితంలో అదే మొదటి అబద్ధం. దానికి కూడా కారణం తనే అని రేడియో లెక్కేసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఎంగిలి పళ్లేలు మోసే వంతు స్కేలుది. స్టీలు పళ్లేల దొంతర గడ్డం దాకా పేర్చుకుని వంటింటి మెట్లు దిగుతున్నాడు. రేడియో వెనకే ఉన్నాడు, "సగం ఇటివ్వు" అని అడుగుతూనే ఉన్నాడు. రెండో మెట్టు మీద స్కేలు ఆగాడు. ఏదో గుర్తొచ్చినవాడిలా నిలబడి, అలాగే ముందుకి ఒరిగిపోయాడు.

ఆ చప్పుడు పక్క ఊళ్లో కూడా విని ఉంటారు. పళ్లేలు ఒక్కొక్కటే దొర్లి దొర్లి ఆగాయి. అన్నీ ఆగాక మెట్ల కింద స్కేలు ఉన్నాడు, నుదురు చిట్లి, కళ్లు సగం తెరిచి. వంటమ్మ చేతిలో గరిటె వదిలేసి పరిగెత్తుకొచ్చి వాడి తల ఒళ్లో పెట్టుకుంది. "నాయనా, నాయనా," అని చెంపలు తడుతోంది. రేడియో కదలలేకపోయాడు. వాడి కడుపులో ఇద్దరి అన్నం ఉంది.

సిక్ రూములో నర్సమ్మ కట్టు కట్టింది. కడుపు నొక్కి చూసి మొహం చిట్లించుకుంది.

"వీడు ఏమైనా తిని ఎంతసేపైంది?"

నర్సమ్మ బన్ను పళ్లెంలో పెట్టి ఇచ్చింది. స్కేలు లేచి కూర్చుని, పక్క మంచంలో గవదబిళ్లలతో పడుకున్న ఆరో తరగతి పిల్లాడికి ఆ బన్ను అందించాడు. దవడలు కదపలేని ఆ పిల్లాడు బన్ను వైపు చూసి ఏడ్చాడు.

"మొండికేస్తున్నావా?" అంది నర్సమ్మ. "సాయంత్రం దాకా చూస్తాను. అప్పటికీ తినకపోతే ఆస్పత్రికి తీసుకెళ్లి సెలైన్ పెట్టించడమే. మీ అమ్మకి ఫోన్ చేసి పిలిపిస్తాను."

"అమ్మని పిలవొద్దు," అన్నాడు స్కేలు. ఆ రోజంతా వాడు గట్టిగా అన్న మాట అదొక్కటే. ఎందుకు పిలవొద్దంటున్నాడో ఆ గదిలో రేడియోకి ఒక్కడికే తెలుసు. వాళ్లమ్మ వస్తే ఆ ఇంటి సంగతి వాడి మొహంలోనే కనిపించేస్తుంది.

నర్సమ్మ బయటికి వెళ్లాక రేడియో మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"ఒరేయ్. ఊరికే ఒక మాట అడుగుతాను. నిన్న పెట్టెలో ఉన్నది పెద్ద ఫాదర్ కాదనుకో."

"అదేంటి?"

"ఊరికే అనుకో రా. అప్పుడు ఆ శిక్ష లెక్కలోకి రాదుగా. హాయిగా తినొచ్చుగా."

స్కేలు మొహంలో మిగిలిన కాస్త రంగూ పోయింది. దుప్పటి అంచు పట్టుకున్నాడు.

"అది ఫాదర్ కాకపోతే," అన్నాడు మెల్లగా, "నేను చెప్పింది ఎవరు విన్నట్టు?"

రేడియోకి వేల గొంతులు వచ్చు. ఆ ప్రశ్నకి ఒక్క గొంతూ రాలేదు.

"ఫాదరే లే," అన్నాడు. "ఇంకెవరుంటారు."

వరండాలోకి వచ్చి గోడకి తల ఆనించి ఆలోచించాడు. నిజం చెప్తే స్కేలు తింటాడు, కానీ ఆ సంగతి క్లాసులో పెద్ద నోరున్నవాడి చేతిలో ఉందని తెలుసుకుని బతకాలి. చెప్పకపోతే ఆస్పత్రి, వాళ్లమ్మ. పెద్ద ఫాదర్‌కి చెప్తే మూడో టీసీ. మేనత్త మొహం, మిషను మీద నాన్న వంగిన వీపు కళ్ల ముందుకొచ్చాయి. వీటన్నిటికీ ఒకే మందు తోచింది. "నేను చెప్పేదాకా" అన్న గొంతే మళ్లీ చెప్పాలి. ఇంకొక్కసారి పెట్టెలో కూర్చుని శిక్ష రద్దు చేసేస్తే ఎవరికీ ఏమీ తెలియదు, అందరూ బాగుంటారు. అబద్ధాన్ని అబద్ధంతో కడిగేద్దామన్న ఈ ఆలోచన వాడికి ఎంత శుభ్రంగా కనిపించిందంటే, దాదాపు మంచిపనిలా అనిపించింది.

శనివారం సాయంత్రం ఊళ్లో పెద్దవాళ్లు కన్ఫెషన్‌కి వస్తారు. వాళ్లు వచ్చేలోపు చాపెల్ ఖాళీగా ఉంటుంది. రేడియో గోళీని పట్టుకున్నాడు.

"స్కేలుని చాపెల్‌కి తీసుకురా. పెద్ద ఫాదర్ పెట్టెలో ఉన్నాడు, రమ్మన్నాడని చెప్పు. మెల్లగా నడిపించు, పడిపోతాడు."

"ఫాదర్ నీకు చెప్పాడా?"

"చెప్పాడు."

"నీకా?" అన్నాడు గోళీ. అయినా దొర్లాడు.

పెట్టెలో చీకటి, పాత చెక్క వాసన, కొవ్వొత్తి వాసన. రేడియో కూర్చోగానే పైన బల్బు వెలిగిన చిన్న టిక్కు వినిపించింది. బయట కాళ్ల చప్పుడు లేదు. చాపెల్ తలుపు కిర్రుమంది. అడుగులు. నెమ్మదిగా, బరువుగా, ఒంట్లో బలం లేనివాడి అడుగులు. పాపం, అనుకున్నాడు. పక్క అరలో చెక్క మూలిగింది. గుడ్డకి అటువైపు ఎవరో కష్టంగా ఊపిరి తీసుకుంటున్నారు.

స్కేలు నోరు తెరిచేలోపే ముగించాలని రేడియో తొందరపడ్డాడు.

"ఊఁ... నాయనా. నీ శిక్ష అయిపోయింది. వెళ్లి కడుపునిండా తిను."

అటువైపు చెక్క మళ్లీ మూలిగింది.

"ఊఁ," అంది అదే గొంతు, జాలీకి అటునుంచి. "నేను ఇప్పుడే తిన్నాను నాయనా."

రేడియో ఒంట్లో రక్తం మొత్తం అరికాళ్లలోకి దిగి, అక్కణ్ణించి నేలలోకి పోయింది. పారిపోవడానికి తలుపు ఉంది. కాళ్లు లేవు.

"నా కుర్చీలో ఎవరో ఉన్నారని బల్బు చెప్పింది," అన్నాడు పెద్ద ఫాదర్. "మిగిలింది ఈ చోటే. మోకాలు నొప్పిగా ఉంది, తొందరగా చెప్పు. ఎవరి శిక్ష అయిపోయింది?"

రేడియో కుర్చీలో వెనక్కి జరిగాడు.

"గొంతు బాగా పట్టావు," అన్నాడు ఫాదర్. మెచ్చుకోలు లేదు, కోపం కూడా లేదు. అదే భయంగా ఉంది. "సరే. నీకు రెండు దారులున్నాయి. విని ఎంచుకో. మనం చోట్లు మార్చుకుందాం. నువ్వు ఇటొచ్చి మోకరించి పాపసంకీర్తనం చేస్తే, విన్నది నాతోనే సమాధి అవుతుంది. నిన్ను బడినుంచి పంపలేను, మీ అత్తకి చెప్పలేను, ఇంకెవరికీ చెప్పలేను. ఎవరికి నష్టం జరిగిందో వాళ్లకి కూడా నా నోట ఒక్క ముక్క రాదు. లేదా పెట్టె బయటికొచ్చి, నిలబడి, మామూలు మనిషికి చెప్పినట్టు చెప్పు. అప్పుడు నేను చెయ్యాల్సింది చెయ్యగలను. నీకు కూడా."

అంత భద్రమైన దారి రేడియోకి పుట్టాక ఎవరూ ఇవ్వలేదు. మోకరిస్తే చాలు. దేవుడు క్షమిస్తాడు, ఫాదర్ నోటికి తాళం పడుతుంది, సీటు మిగులుతుంది, అత్తకి తెలియదు. ఇలాంటి పెట్టె ఇంటికొకటి ఉండాలి అనిపించింది. ఒక్కటే చిక్కు. అప్పుడు స్కేలు తినడు.

వాడు తలుపు తీసుకుని బయటికొచ్చాడు. పెద్ద ఫాదర్ కూడా చెక్క పట్టుకుని లేచి, మోకాలు రుద్దుకుంటూ బయటికొచ్చాడు. సరిగ్గా అప్పుడే గోళీ భుజం మీద చెయ్యేసి స్కేలు చాపెల్ గుమ్మంలోకి వచ్చాడు. నుదుటికి కట్టు, కింద కళ్లు రెండూ పెద్దవిగా కనిపిస్తున్నాయి. ఫాదర్‌ని చూశాడు, రేడియోని చూశాడు, ఇంకా తెరిచే ఉన్న మధ్య తలుపు చూశాడు.

"గోళీని పంపెయ్యండి ఫాదర్," అన్నాడు రేడియో. ఏ గొంతూ కాదు, వాడిదే. పలచగా, చిన్నపిల్లాడి గొంతులా ఉంది. వాడికే కొత్తగా వినిపించింది.

ఫాదర్ తల ఊపాడు. గోళీ అర్థంకాక అటూ ఇటూ చూసి వెళ్లిపోయాడు. స్కేలు ఒక బెంచీ అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"నిన్న పెట్టెలో ఉన్నది నేను," అన్నాడు రేడియో. "ఫాదర్ ఇంకా రాలేదు. గోళీ వస్తాడనుకుని కూర్చున్నాను, వాడి స్వీటు కొట్టేద్దామని. నువ్వొచ్చావు. లేచి రావాల్సింది, రాలేదు. ఆ శిక్ష నేను వేసిందే. అది కూడా సరిగ్గా వెయ్యలేదు, స్వీటు అనబోయి మొత్తం అనేశాను. ఆ తర్వాత నీ అన్నం నేను తిన్నాను. నువ్వు పడిపోయినప్పుడు కూడా చెప్పలేదు. ఇప్పుడు మళ్లీ అదే గొంతుతో నీకు అబద్ధం చెప్దామని వచ్చాను, ఫాదర్ దొరికాడు. దొరక్కపోయుంటే చెప్పేసేవాణ్ణి."

బెంచీ అంచు మీద స్కేలు వేళ్లు తెల్లబడ్డాయి. పెద్ద ఫాదర్ వాడి వెనక్కి వెళ్లి నిలబడ్డాడు, పడితే పట్టుకునేంత దగ్గరగా.

"వాడేం చెప్పాడో మాత్రం మీకు కూడా చెప్పను ఫాదర్," అన్నాడు రేడియో. "మీరు టీసీ ఇచ్చినా సరే."

"నేను అడగలేదు," అన్నాడు ఫాదర్.

అప్పుడు స్కేలు అడిగాడు.

"మొత్తం విన్నావా?"

సగమే విన్నాను అంటే సరిపోయేది. సరిగ్గా వినపడలేదు, గుడ్డ అడ్డం ఉంది, చెవులు మూసుకున్నాను. అన్నీ నాలుక చివర వరస కట్టి నిలబడ్డాయి, ఒక్కొక్కటీ ఎంతో నమ్మేలా ఉన్నాయి. స్కేలు కూడా అదే వినాలనుకుంటున్నాడు, కళ్లలో కనిపిస్తోంది.

"మొత్తం విన్నాను," అన్నాడు రేడియో. "నువ్వు ఏడ్చింది కూడా విన్నాను."